మేం చెయ్యని టీవీలు

"ఆ గాజుబుడ్డి పేలితే పిల్ల కళ్లు పోతాయి," అన్నాను.

గరాజులో ఎవరూ తలెత్తలేదు. మా ఆయన దేవన్ కంప్యూటర్ డబ్బాకి మూత బిగిస్తున్నారు. మా అమ్మాయి తారిషా సిమెంటు నేల మీద కూర్చుని, వెనక తొడుగు ఊడదీసిన పాత మానిటర్ని ఒళ్లో పెట్టుకుంది. లోపలి గాజుబుడ్డి మెడ సన్నగా, పొట్ట లావుగా, సొరకాయలా ఉంది.

"ఆపేసే ఉంది అమ్మా. పేలదు."

"మరి ఆ వైరు పట్టుకుని అంత జాగ్రత్తగా ఒంగుతున్నావెందుకు?"

"ఆపేసినా లోపల కరెంటు దాచుకుంటుంది. ముందు దాన్ని దించెయ్యాలి." స్క్రూడ్రైవర్‌కి చుట్టిన వైరుని బుడ్డి పక్కనున్న రబ్బరు టోపీ కిందికి జొనిపింది. టప్పుమంది. చిన్న నీలం రవ్వ లేచింది. నేను గుమ్మం పట్టుకున్నాను.

"అంతే. అయిపోయింది," అంది నా కూతురు నవ్వుతూ.

మా ఆయన అప్పుడు తలెత్తి, "మీ అమ్మకి టీ కెటిల్ ఈల వేసినా భయమే," అన్నారు. ఇద్దరూ కలిసి నవ్వారు. ఆ గరాజులో వాళ్లిద్దరూ కలిసి నవ్వడం అప్పట్లో మామూలు సంగతి. గుర్తుపెట్టుకోవాల్సిన విషయమని నాకు తోచలేదు.

అది తొంభై నాలుగు జనవరి. దక్షిణాఫ్రికాలో, దర్బన్ శివార్లలో షాల్‌క్రాస్‌లో మా ఇల్లు. ఇంటి వెనక గరాజూ, దాన్నానుకుని వేసిన రేకుల గదీ, ఆ రెండే 'తారా కంప్యూటర్స్'. మా ఆయన ఉమ్‌కోమాస్ దగ్గర కాగితపు గుజ్జు మిల్లులో పని మానేసి, కూతురి పేరులో సగం బోర్డు మీద రాయించి పెట్టిన కంపెనీ అది. భాగాలు తెప్పించి బిగించి, వకీళ్లకీ డాక్టర్లకీ అమ్మేవారు. తారిషా టెక్నికాన్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువు ముగించి ఆయన దగ్గరే పనికి చేరింది. సరుకు చేరవేసే బకీ, అంటే మా చిన్న ట్రక్కు, క్లారెన్స్ నడిపేవాడు. అతను జూలూ మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. తల్లి ఉమ్‌కోమాస్ వెనక కొండల్లో ఉంటుంది.

నేను చెరుకుతోటల బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తెలుగు మాత్రం ఇక్కడి తెలుగువాళ్ల సభ నడిపే సాయంత్రపు బడిలో నేర్చుకున్నాను. తారిషాకి తెలుగంటే అన్నం, కూర, నాలుగు తిట్లు. ఆమె మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గాని చాలావరకు ఇంగ్లీషులో అన్నవే.

టీవీ సంగతి మొదలైంది క్లారెన్స్ వల్ల. వకీళ్లందరూ రంగుల మానిటర్లకి మారుతున్నారు. వాళ్లు పారేసిన ఆకుపచ్చ అక్షరాల మానిటర్లని క్లారెన్స్ బకీలో వేసుకొచ్చి రేకుల గదిలో పేర్చేవాడు. ఒకరోజు అలా పేరుస్తూ, "తారిషా, వీటిలో టీవీ వస్తుందా?" అన్నాడు.

"ఎందుకు?"

"మా అమ్మ ఊళ్లో ఒక్క ఇంట్లోనూ కరెంటు లేదు. కారు బ్యాటరీ ఉన్నవాళ్లు మాత్రం చాలామందే. ఏప్రిల్లో మొదటిసారి అందరికీ ఓటు. ఇంతకాలం ఎదురుచూసిన ఓటు లెక్కపెడుతుంటే రేడియోలో వినాలా? చూడొద్దూ?"

తారిషా చేతిలో ఉన్నది కింద పెట్టింది. ఆ మానిటర్ లోపలికి వెళ్లేది కారు బ్యాటరీ ఇచ్చేపాటి కరెంటేననీ, టీవీ స్టేషన్ పట్టుకునే చిన్న బోర్డూ, ఒక స్పీకరూ జోడిస్తే చాలనీ ఏదేదో చెప్పింది. నాకు అర్థమైంది ఒక్కటే, ఆ పిల్లకి ఇక నిద్ర పట్టదని.

మా పెరట్లో, పట్టపగలు, బకీ బ్యాటరీకి వైర్లు తగిలించి, బట్టల హ్యాంగర్ తీగని ఏరియల్‌గా నిలబెట్టి మొదటిసారి దాన్ని వెలిగించింది. మా అత్త కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చుంది. అత్తకి అప్పటికి ఎనభై దాటాయి. గర్రుమని చప్పుడు చేసి, తెరమీద వార్తలు చదివే అమ్మాయి మొహం తేలింది. ఆకుపచ్చగా. జుట్టు, పళ్లు, మెళ్లో ముత్యాలు, అన్నీ ఆకుపచ్చే.

"పాపం, ఆ గుంటకి పచ్చకామెర్లు గావాల," అంది అత్త.

క్లారెన్స్ కడుపు పట్టుకుని నవ్వాడు. అత్తని అతను జూలూలో గోగో, అంటే అవ్వా, అని పిలిచేవాడు. "గోగో, కొత్త దేశం వస్తోంది కదా. ఇందులో తెల్లవాడూ లేడు, నల్లవాడూ లేడు, ఇండియన్ కూడా లేడు. అందరూ పచ్చే."

"తెల్ల వెలుగు బుడ్డీలు కూడా దొరుకుతాయి," అంది తారిషా. ఆమె నవ్వడం లేదు. తండ్రి మొహం చూస్తోంది. "నాన్నా, ఇలాంటివి మనం చేద్దాం."

మా ఆయన తెర దగ్గరికెళ్లి, వెనక్కొచ్చి, వైర్లు చూసి, "బాగానే చేశావు," అన్నారు. వైర్లు విప్పి చుట్టడం మొదలుపెట్టారు.

ఆ వారమంతా మా ఇంట్లో భోజనాల దగ్గర అదే మాట.

"మనది కంప్యూటర్ కంపెనీ," అనేవారు మా ఆయన. "కంప్యూటర్ చెడిపోతే వకీలుగారి సెక్రటరీ ఫోన్ చేసి మర్యాదగా అడుగుతుంది. టీవీ శనివారం సాయంత్రం, కుస్తీ మంచి పట్టులో ఉన్నప్పుడు చెడిపోతుంది. ఆ మనిషి పెళ్లాం బిడ్డల్ని వెంటేసుకుని మన గేటు దగ్గరకొస్తాడు."

"రానీ. బాగుచేస్తాం."

"బోర్డు మీద ఏం రాసుంది?"

"బోర్డుకి రంగు వేద్దాం."

"టీవీలు చెయ్యడానికి పెద్ద పెద్ద కంపెనీలున్నాయి తల్లీ."

"వాళ్లు గోడలో ప్లగ్గున్న వాళ్లకి చేస్తున్నారు నాన్నా. ప్లగ్గు లేనివాళ్లకి ఎవరు చేస్తున్నారు?"

నేను పప్పు గిన్నె కింద పెట్టి, మనసులో ఉన్నది అనేశాను. "రేపు కొత్త ప్రభుత్వమొచ్చి అందరికీ కరెంటిస్తే? ఈ బ్యాటరీ పెట్టెలు ఎవరు కొంటారు?"

"అదిగో. మీ అమ్మకి కూడా తెలుసు," అన్నారు ఆయన.

"అదే పెట్టెకి ఒక అడాప్టర్ పెడితే గోడ కరెంటు మీద కూడా నడుస్తుంది," అంది తారిషా. ఆయన విననట్టే ఉన్నారు. "ఓట్లు కానీ, చూద్దాం," అని లేచి చెయ్యి కడుక్కున్నారు. నేనేదో భయపడి అన్న మాట, ఆయన చేతిలో పడేసరికి మాకిద్దరికీ ఉన్న ఆలోచన అయిపోయింది. అలా ఎన్నిసార్లు జరిగిందో అప్పట్లో పట్టించుకోలేదు.

*

మార్చిలో నా భయాలకి చేతినిండా పని దొరికింది. ఓట్ల తగాదాలతో కొండల వైపు ఇళ్లు తగలబెడుతున్నారని, రోడ్లమీద మనుషుల్ని ఆపుతున్నారని కబుర్లు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ జూలూలకీ ఇండియన్లకీ జరిగిన పాత గొడవల్లో పారిపోయి వచ్చిన చుట్టాల కథ ఒకటుంది. నేను చేపల టిన్నులు, చిక్కుడుగింజల టిన్నులు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బియ్యం బస్తా కొన్నాను. మంచాల కింద చోటు చాలక స్నానాలగదిలో పేర్చాను.

"ఒలే సరసూ," అంది అత్త, "ఇదేటే, ఓట్లకా, పెళ్లికా?"

"ఏదైనా జరిగితే ఏం తింటాం అత్తా?"

"ఏదీ జరక్కపోతే ఇయ్యన్నీ ఎవుడు తింటాడే?"

నెలాఖరుకి మా నేటాల్ రాష్ట్రమంతటా అత్యవసర పరిస్థితి పెట్టారు. సైనికుల లారీలు మా రోడ్డు మీంచి వెళ్లాయి. తారిషా గరాజులోనే ఉంది. పెట్టెకి చెక్క తొడుగు చేయించింది, చేత్తో పట్టుకోడానికి పైన పిడి, వెనక గాలి పోవడానికి చీలికలు. దాని ముందర మాత్రం ఏ పేరూ రాయలేదు. "నాన్న ఒప్పుకున్నాక రాస్తాను," అంది.

నేను రోజూ గుమ్మంలో నిలబడి ఒక మాట అనేదాన్ని. బుడ్డి పేలుతుందని. బ్యాటరీ ఆసిడ్ చేతుల మీద పడుతుందని. దొంగలు చూసి వస్తారని. బకీని ఎవరైనా ఆపి, సరుకుతోపాటు క్లారెన్స్‌ని కూడా తగలబెడతారని. మొదట్లో "లేదమ్మా" అనేది. తర్వాత "ఊఁ" అనేది. తర్వాత అదీ మానేసింది. ఫ్రిజ్ చప్పుడు ఇంట్లోవాళ్లకి వినిపించదు కదా. నా మాట అలాగైపోయింది.

ఏప్రిల్ మొదట్లో క్లారెన్స్ ఒక కబురు తెచ్చాడు. చాట్స్‌వర్త్‌లో ఫర్నిచర్ షాపున్న లోగన్ ఆ పెట్టె గురించి విన్నాడట, చూస్తానన్నాడట. నచ్చితే తన షాపులో పెట్టి అమ్ముతాడు. పల్లెలకి బస్సులు బయల్దేరే చోటే అతని షాపు.

"ఉగాది నాడు రమ్మను," అంది మా అత్త, ఎవరూ అడక్కుండానే. "మంచి దినం."

మా ఆయన కాదనలేదు. అందుకే తారిషా ఆశపడింది. నాకు తెలుసు, ఆ రోజు పొద్దున్నే లేచి తల స్నానం చేసి చీర కట్టుకుంది. ఆ పిల్ల తనంతట తాను చీర కట్టుకోవడం నేను చూసింది అదే మొదలు.

ఇక్కడ ఉగాది చలికాలం ముంగిట్లో వస్తుంది. వేపపువ్వు ఉండదు. చేదుకి వీధి చివర, వేపకి చుట్టమైన సిరింగా చెట్టు ఆకు ఒక్కటి తుంచి పచ్చట్లో వేస్తాం. దాని కాయ విషం, అందుకని ఆకు నేనే కోస్తాను, ఇంకెవరినీ కొయ్యనివ్వను. పచ్చడి చేసి, గరాజు తుడిచి, పెట్టెని టేబుల్ మీద పెట్టి బొట్టు పెట్టాం. అప్పుడు అత్త ఇత్తడి చెంబు నీళ్లతో నింపించి, మామిడాకులు వేసి, పైన కొబ్బరికాయ నిలబెట్టి, "ఇంద, దాని నెత్తిన పెట్టు," అంది.

మా ఇంట్లో ఏ కొత్త వస్తువొచ్చినా ఆ చెంబు దాని మీద కూర్చోవాల్సిందే. నా కుట్టుమిషన్ మీద కూర్చుంది. గ్యాస్ పొయ్యి మీద కూర్చుంది. బకీ కొన్నప్పుడు దాని బానెట్ మీద కూర్చుంది.

"అత్తా, నీళ్లు ఒలికి లోపలికి పోతాయేమో," అన్నాను. "వెనక చీలికలున్నాయి."

ఒక్క క్షణం అందరూ నావైపు చూశారు. తర్వాత క్లారెన్స్ నవ్వాడు. మా ఆయన నవ్వారు. "మొదలెట్టావా?" అన్నారు. తారిషా నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, ఈ ఒక్కరోజూ భయాన్ని సెలవు తీసుకోమను," అంది, ప్రేమగానే. చెంబుని తనే రెండు చేతులతో ఎత్తి పెట్టె మీద పెట్టింది. నేను ఊరుకున్నాను. నెలల తరబడి జరగనివన్నీ చెప్పినదాన్ని, ఈ ఒక్కటీ నిజమని ఎలా నమ్మించను?

లోగన్ లావుపాటి మనిషి, బంగారు గొలుసు, నవ్వుమొహం. వస్తూనే అత్త కాళ్లకి దణ్ణం పెట్టాడు. పచ్చడి నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. తారిషా బ్యాటరీ తగిలించింది. తెర వెలిగింది. ఊళ్లో పెద్ద మైదానంలో జనం, జెండాలు, అన్నీ పచ్చగా. బొమ్మ నిలకడగా ఉంది. చూస్తూ చూస్తూ లోగన్ కళ్లు చిన్నవయ్యాయి. వ్యాపారం చేసేవాడి కళ్లు.

"తెల్ల బుడ్డీ పెడతావా?"

"పెడతాను అంకుల్."

"ఓట్లకి ముందు కొన్ని ఇవ్వగలవా?"

"ఇవ్వగలను."

"అరె, ఇది మాట!" అంటూ లోగన్ అరచేత్తో పెట్టె నెత్తిన ఫెడీమని ఒక్క దెబ్బ వేశాడు. బీరువాలు, టేబుళ్లు, సోఫాలు అమ్మీ అమ్మీ అతనికి అలవాటైపోయిన దెబ్బ అది. చెక్క గట్టిదో కాదో అలాగే చూస్తాడు.

కొబ్బరికాయ ముందు దొర్లింది. చెంబు ఒక పక్కకి ఒరిగి, నిదానంగా, ఎవరో కావాలని ఒంచినట్టు ఒంగింది. నీళ్లు చీలికల్లోంచి లోపలికి దిగాయి. చిటపటమంది. కాలిన వాసన. తెర మీది జనమంతా దగ్గరికి జరిగి జరిగి మధ్యలో ఒక చుక్కై, ఆ చుక్క కూడా పోయింది.

నేను తారిషా జబ్బ పట్టుకుని గోడదాకా లాగేశాను. క్లారెన్స్ బ్యాటరీ వైర్లు పీకేశాడు. ఏదీ పేలలేదు.

"అయ్యో, నాదే తప్పు," అన్నాడు లోగన్, చెయ్యి షర్టుకి తుడుచుకుంటూ. "ఆరబెట్టమ్మా. ఆరాక నాకు ఫోన్ చెయ్యి."

"రెండు రోజులు ఎండలో పెడితే చాలు," అంది తారిషా. "ఒకటో రెండో భాగాలు మార్చాలి, అంతే. నాన్నా, అంతే కదా?"

మా ఆయన నేలమీది మామిడాకులు ఏరుతున్నారు. "వద్దు," అన్నారు. "పండగపూట, పూజలో, చెంబు ఒరిగిపోయింది. ఇంతకన్నా ఏం చెప్పాలి? ఇది మనది కాదు."

దీపమూ అగరొత్తీ ఏనాడూ పట్టించుకోని మనిషి ఆయన. మా అత్త తన కుర్చీలోంచి కొడుకు వైపు వింతగా చూసింది.

"నీళ్లేగదరా ఒలికినాయి," అంది. "తుడు."

ఆయన తుడిచారు. పెట్టెని తీసుకెళ్లి రేకుల గదిలో మూల పెట్టి, మీద దుప్పటి కప్పారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా గుండె తేలికపడింది. ఇక బుడ్డీ లేదు, ఆసిడ్ లేదు, బకీ కొండల్లోకి వెళ్లక్కర్లేదు అనుకున్నాను. తారిషా చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకి అంటుకున్నాయి. దుప్పటి కప్పిన తండ్రి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నాన్నా, నీళ్ల వల్లేనా?"

ఆయన దుప్పటి అంచులు సర్దారు.

"నీళ్ల వల్ల వద్దంటున్నావా, ముందునుంచే వద్దనుకున్నావా? అది చెప్పు చాలు."

ఆయన చీపురు తీసుకుని, అప్పటికే తుడిచిన చోట మళ్లీ తుడవడం మొదలుపెట్టారు.

*

ఓటు రోజున నేను అనుకున్నవేవీ జరగలేదు.

వీధిలో అందరం తెల్లారకముందే లేచాం. బడి ముందర లైను మూడు మలుపులు తిరిగింది. నేను సంచీలో నీళ్లూ, బిస్కట్లూ, కట్టుగుడ్డా, అయోడిన్ సీసా పెట్టుకున్నాను. జోహన్నెస్‌బర్గ్‌లో బాంబులు పేలాయని రేడియోలో విన్నాను మరి. ఇక్కడ పేలింది ఎవరి పిల్లాడిదో బుడగ ఒక్కటే. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లూ, వాళ్ల దొరసానులూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. ముసలివాళ్లు ముందుకి రావచ్చని ఒకాయన వచ్చి పిలిస్తే మా అత్త కదల్లేదు.

"ఇన్నేళ్లు ఆగినాను నాయనా. ఇంకొంచెం ఆగనేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ కుర్చీని లైనుతోపాటు ఎవరో ఒకరు ముందుకి జరుపుతూ వచ్చారు.

తారిషా తండ్రి వెనకే నిలబడింది. ఉగాది నుంచి వాళ్ల మధ్య పనిమాటలే. మిగతావి నాతో చెప్పేవారు, ఒకరి కబురు ఒకరికి నేను మోసేదాన్ని. ఎండెక్కాక, ముందువాళ్లు పాట అందుకున్నప్పుడు, ఆ సందడిలో తారిషా ఆయన భుజం తట్టింది.

"నాన్నా, ఈ రోజైనా చెప్పు."

ఆయన వెనక్కి తిరిగారు. నోరు తెరిచారు కూడా.

"లైను కదిలింది, పద," అన్నారు.

ఆ సాయంత్రమే తారిషా నాకు చెప్పింది, పోర్ట్ షెప్‌స్టోన్‌లో టీవీలు బాగుచేసే షాపులో పని దొరికిందని. హేజెల్ అనే ఆవిడ షాపు. భర్త పోయాక తనే నడుపుతోంది, ఇంట్లో ఒక గది కూడా ఇస్తానంది.

"అక్కడ నది సముద్రంలో కలిసేచోట షార్కులుంటాయట," అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

"నేను వెళ్లేది టీవీలు బాగుచెయ్యడానికి అమ్మా. ఈతకి కాదు."

"ఇక్కడ కూడా చెయ్యొచ్చు కదా?"

"ఇక్కడ కంప్యూటర్ కంపెనీ," అంది. కోపంగా అనలేదు. బోర్డు చదివినట్టు అంది.

వెళ్లేనాడు క్లారెన్స్ బకీలో ఆమె సూట్‌కేసు ఎక్కించాడు. అత్త మనవరాలి తల నిమిరి, చెరుకుతోటల కాలం నాటి జూలూ మాట, "హంబా గాష్లే," అంది, జాగ్రత్తగా పోయిరా అని. మా ఆయన గేటు తీసి పట్టుకున్నారు. సూట్‌కేసు తాడు లాగి చూసి, "గట్టిగానే ఉంది," అన్నారు. నేను రోడ్డు గురించి, సీటుబెల్టు గురించి, తలుపు గడియ గురించి చెప్పాను. తారిషా అన్నింటికీ తల ఊపింది. ఏ ఒక్కటీ వినలేదని నాకు తెలుసు. నాకు చెప్పాలనున్నది కూడా వాటిలో ఏదీ కాదు.

లోగన్ మళ్లీ అడగలేదు. ఆ చలికాలంలోనే అతని షాపు అద్దాల వెనక విదేశం నుంచి దిగిన బ్యాటరీ టీవీలు వరసగా కూర్చున్నాయి. చేత్తో పట్టుకునే పిడి కూడా వాటికుంది. బస్సుల దగ్గర ఆడవాళ్లు వాటిని తలమీద పెట్టుకుని వెళ్లడం నేను చూశాను. నా టిన్నులు మాత్రం జులై దాకా తిన్నాం. ఇప్పటికీ మా ఇంట్లో చేపల టిన్ను తెరిస్తే ఆయన లేచి బయటికి వెళ్లిపోతారు.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. నేను చెప్పాలనుకున్నది మే నెలలో కొత్త ప్రెసిడెంటు ప్రమాణం చేసిన పొద్దుటి సంగతి.

ఆ రోజు సెలవు. క్లారెన్స్ పొద్దున్నే వచ్చాడు, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని. "అంకుల్, ఆ పాడైన పెట్టె ఉంది కదా. నాకిస్తారా? మా పక్కింటతను రేడియోలు బాగుచేస్తాడు. ప్రయత్నిస్తానంటున్నాడు. మా అమ్మ చూడాలంటోంది."

మా ఆయన లేచి రేకుల గదిలోకి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను, ఆ పెట్టె బరువుకి నడుము పట్టేస్తుందని చెప్పడానికి. ఆయన దుప్పటి తీశారు. దుప్పటి మీద దుమ్ము లేదు. పెట్టెని పెరట్లోకి తెచ్చి, బకీ బ్యాటరీకి వైర్లు ఆయనే తగిలించి, హ్యాంగర్ తీగ నిలబెట్టి, మీట తిప్పారు.

బొమ్మ వచ్చింది.

మెట్లు, జనం, గొడుగులు. వేదిక ఎక్కుతున్న పెద్దమనుషులు. అందరూ పచ్చగా, స్పష్టంగా.

"హవూ!" అన్నాడు క్లారెన్స్. "అంకుల్, ఇది పనిచేస్తోంది!"

ఆయన తీగని అటూ ఇటూ సర్దుతున్నారు, సర్దాల్సిన పనేమీ లేకపోయినా.

"ఎప్పుడు బాగుచేశారు?" అని అడిగాను.

"ఆరాక."

"ఎప్పుడు ఆరింది?"

"ఆ వారమే."

ఆ వారమే. అంటే ఓటు లైనులో తారిషా భుజం తట్టినప్పుడు ఇది పనిచేస్తోంది. సూట్‌కేసు తాడు లాగి చూసినప్పుడు పనిచేస్తోంది. అన్నిటికీ ముందే భయపడేదాన్ని, ఇలాంటిదొకటి ఉంటుందని ఊహించను కూడా లేదు.

క్లారెన్స్ ఆయన వైపు చూసి, నా వైపు చూసి, "తారిషాకి తెలుసా?" అన్నాడు. తర్వాత తలొంచుకుని పెట్టెని దుప్పటిలో చుట్టి, ముందు సీట్లో పెట్టి, సీటుబెల్టు కట్టాడు. అతని తల్లి ఆ పెట్టెని చాలా ఏళ్లు చూసింది. తెల్ల బుడ్డీది కొనిస్తానన్నా వద్దందట.

బకీ వెళ్లిపోయాక నేను తిన్నగా ఇంట్లోకెళ్లి పోర్ట్ షెప్‌స్టోన్‌కి ఫోన్ చేశాను. హేజెల్ ఎత్తి, తారిషాని పిలిచింది. అక్కడ కూడా టీవీ మోగుతోంది.

"అమ్మా? ఏమైంది? అవ్వ బాగుందా?"

నా కూతురు కూడా ఫోన్ రాగానే ముందు చెడే అనుకుంటోంది. నాదే పోలిక.

"అందరం బాగున్నాం. నీ పెట్టె పనిచేస్తోంది. క్లారెన్స్ వాళ్లమ్మకి పట్టుకెళ్లాడు."

"ఎవరు బాగుచేశారు?"

"మీ నాన్న."

అటువైపు టీవీ మోత తగ్గింది. "నాన్నకి ఇవ్వు," అంది.

ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. రిసీవర్ చాపితే, వేడి వస్తువేదో అందుకున్నట్టు అందుకున్నారు. మా ఫోన్ పాతది, అవతలి మాట గదంతా వినబడుతుంది.

"నాన్నా," అంది తారిషా. "నేను మూడోసారి అడుగుతున్నాను. ఇక అడగను. ఆ రోజు నీళ్ల వల్లేనా?"

హాల్లో టీవీలో విమానాలు ఎగురుతున్న మోత. "ఎవులే పోన్లో?" అని అత్త కేకేసి, జవాబు రాక ఊరుకుంది. ఆయన వేళ్లు ఫోన్ తీగని చుట్టుకుంటున్నాయి, విప్పుకుంటున్నాయి. లైను తెగిపోయిందేమో అనుకున్నాను. పెట్టేస్తారేమో అనుకున్నాను. తారిషా పెట్టేస్తుందేమో అనుకున్నాను. ఎవరూ పెట్టలేదు. టీవీలో పాట మొదలై, అయిపోయి, ఇంకో పాట మొదలైంది.

"నీళ్ల వల్ల కాదు తల్లీ," అన్నారు ఆయన. "నాకు భయమేసింది. మీ అమ్మకి భయమేస్తే పైకి అనేస్తుంది. నాకది చాతకాలేదు."